పొరిపొరి చప్పుడు లేని భోజనం

కొత్త పళ్లసెట్టు నోట్లో చక్కగా కుదిరాక కూడా మిసావో అవ్వకు గుజ్జే పెట్టారు. నిమోనియాతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు మొదలైన తిండి అది. మంచు కురిసే యోకొతె ఊళ్లోని వృద్ధాశ్రమానికి తిరిగొచ్చినా ఆగలేదు. చేప గుజ్జు, అన్నం గుజ్జు, ముల్లంగి గుజ్జు. గట్టి తిండి మింగగలదో లేదో మళ్లీ పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. ఆవిడా అడగలేదు. బతుకంతా ముల్లంగికి పొగబెట్టి తవుడులో ఊరవేసిన మనిషి, "ఆఁ అనండి" అంటే పసిపిల్లలా నోరు తెరిచింది.

కానీ కాలూ చెయ్యీ ఒకచోట నిలిచేవి కావు. చెంచాతో బల్ల మీద కొట్టేది. తువాలు అంచు నమిలేది. టీ వేళ కాకముందే వసారాలో అటూ ఇటూ తిరిగేది. ఇక్కడ టీ అంటే పక్కన గక్కో, అదే ఊరముక్క, ఉండాల్సిందే. ఆమెకు మాత్రం టీ కూడా జావలా చిక్కబరిచి ఇచ్చేవారు.

మంచు కాస్త తగ్గాక పాత పొరుగు త్సుయా చూడ్డానికొచ్చింది.

"ఏమే, ఇంకా ఉన్నావా?"

"పోదామంటే, ఈ జావ తాగి పోవడం సిగ్గుగా ఉందే."

త్సుయా కోటు జేబులోంచి పొట్లం తీసింది. గుప్పున పొగ వాసన.

"ఈ ఏటి ముల్లంగి ఎలా కుదిరిందో నువ్వు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. చప్పుడు చెయ్యకుండా తిను."

అలా అనడమే త్సుయా చేసిన పొరపాటు. చప్పుడు రాకపోతే అది గక్కో ఎలా అవుతుంది?

పొరి. పొరి.

అప్పడం కరకర వేరు, అది పొడిగా పగిలిపోతుంది. పొరిపొరి అంటే, నీరు లాగేసిన గట్టి ముక్క పంటికి కాసేపు ఎదురుతిరిగి అప్పుడు తెగడం. ముల్లంగి బాగా ఊరిందని చెప్పడానికి ఇక్కడ ఆ మాటొక్కటి చాలు. భోజనశాలలో ప్రతి తలా ఇటు తిరిగింది.

వంటశాల పెద్ద హొరియె పరుగున వచ్చింది. "మిసావో గారూ, ఉమ్మెయ్యండి! అడ్డం పడితే ఎవరిది బాధ్యత?"

అవ్వ నిదానంగా నమిలింది, మింగింది. ఎవరూ అనకుండానే నోరు తెరిచి చూపించింది.

"పొరిపొరిగా ఉందే త్సుయా. ఉప్పే ఎక్కువైంది."

"నీ నోటికి ఎప్పుడూ ఎక్కువే!"

హొరియె పొట్లం తీసేసుకుంది. "రూలండీ, నేనేం చెయ్యను?" అంది, గొంతు తగ్గించి.

సాయంత్రం మళ్లీ గుజ్జే. మళ్లీ బల్ల మీద చెంచా టకటక. ఈసారి పక్క బల్లల మీద కూడా.

హొరియె భయం నిజమైనదే. అందుకే పరీక్ష కావాలంటున్నాను. మీవాళ్లెవరికైనా ఇలా గుజ్జు పెడుతుంటే, మింగగలరో లేదో చివరిసారి ఎప్పుడు చూశారని ఈ వారమే వెళ్లి అడగండి. జవాబు రాకపోతే, డాక్టరు చేత పరీక్ష చేయించేదాకా వదలకండి.