లచ్చవ్వ వేలిముద్ర

పద్దెనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆవిడకు చెప్పలేదు, కన్నబిడ్డకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు ఎందుకు ఆగుతాను?

పోయిన ఆదివారం మా అమ్మాయి నన్ను జనగామలోనే ఉదయం ఆటకు తీసుకెళ్లింది. మామూలు సినిమా కాదు. బొగ్గుగని కింద పోయిన ఊళ్ల మీద ఎవరో కుర్రాళ్లు తీసిన డాక్యుమెంటరీ. పాటలుండవు, ఫైట్లుండవు, హాయిగా ఒక కునుకు తీయొచ్చనుకున్నాను. పది నిమిషాలు గడిచాయో లేదో, భూపాలపల్లి అవతల నేను పంతులుగా పనిచేసిన ఊరు తెర మీదికి వచ్చింది. ఊరెక్కడిది? మట్టిగుట్టలు. బడి ఉన్న చోట పెద్ద గొయ్యి. ఆ గొయ్యి ఒడ్డున నిలబడి మాట్లాడుతున్నది లచ్చవ్వ. బడి పక్కనే ఆమెకు రెండెకరాల చేను ఉండేది. కందికాయలు ఉడకబెట్టి, కొంగులో కట్టుకొని నాకు తెచ్చిచ్చేది.

పద్దెనిమిదేళ్ల కిందట ఒక రోజు బడి వరండాలో గ్రామసభ పెట్టారు. గనికి భూములివ్వడం గురించి మాట్లాడారు. ఊరివాళ్లు విన్నారు, ఒక్కరూ సరేననలేదు. సభకు ముందే ఒక అధికారి నన్ను తరగతి గదిలోకి పిలిచి కాగితాలు చేతిలో పెట్టాడు. మొదటి పేజీలో, భూములివ్వడం మాకు సమ్మతమే అని రాసి ఉంది. మిగతావి ఊరివాళ్ల వేలిముద్రల కోసం ఖాళీ పేజీలు. "హాజరని చెప్పుండ్రి సార్. మీరు చెప్తే నమ్ముతరు" అన్నాడు. మా ఆవిడ, రెండేళ్ల పిల్ల జనగామలో ఉన్నారు. అక్కడికి డిప్యుటేషన్ కోసం నేను కాళ్లరిగేలా తిరుగుతున్న సంగతి అతనికి తెలుసు. అది తను చూసుకుంటానన్నాడు. నేను మొదటి పేజీ చదివాను. రెండుసార్లు చదివాను. దాన్ని అట్ట కిందికి తోసి, ఖాళీ పేజీలు పైకి తీశాను.

వరసలో లచ్చవ్వ వచ్చింది.

"గిది దేనికి సారూ?"

"మీటింగుకు వచ్చినవని గుర్తు అవ్వా. హాజరు."

"పొద్దుగాల పోరగాండ్లకు ఏస్తవు సూడు, గట్లనా?" అని నవ్వింది.

"గట్లనే."

బొటనవేలు ఒత్తింది. ముద్ర పడలేదు. కలుపు తీసీ తీసీ వేలి గీతలు అరిగిపోయాయి. "ఏలు అరిగిపోయింది, ఇడిసిపెట్టు సారూ" అంది. విడిచిపెట్టవచ్చు. ఒక్క ముద్ర తక్కువైతే నన్ను అడిగేదెవరు? కానీ నేను ఆమె వేలు పట్టుకొని, ఇంకు దట్టంగా అద్ది, నా చేత్తోనే కాగితం మీద ఒత్తాను. ఈసారి పడింది. తర్వాతి నెలలో నాకు జనగామ ఉత్తర్వు వచ్చింది.

బిడ్డ కోసం చేశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. బిడ్డలు నాకొక్కడికే ఉన్నారా? కంచే చేను మేసిందంటారే, ఆ కంచెను నేను.

ముద్రలు ఎలా వేశారని తెర వెనక నుంచి ఎవరో అడిగారు. లచ్చవ్వ చెప్పింది: "మా సారు హాజరన్నడు, ఏసినం. సారుది తప్పులేదు బిడ్డా. ఆయనను గూడ మోసం జేసిన్రు. పిల్లలకు సదువు చెప్పేటాయన, అబద్ధమెందుకు ఆడ్తడు?"

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. తెర మీద ఆమెను చూసిన క్షణం నుంచి తిట్ల కోసమే కాచుకొని కూర్చున్నాను. నన్ను వెనకేసుకొస్తుందనుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

బయటికొచ్చాక మా అమ్మాయి ఎండలో కళ్లు తుడుచుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "ఆ సారు నువ్వేనా బాపూ? నిన్ను గూడ మోసం జేసిన్రా?"

అవునని తల ఊపాను.

లచ్చవ్వ ఇప్పుడు ఎక్కడుందో కనుక్కోవడం కష్టం కాదు. వెళ్తానా? తెలియదు. వెళ్లి ఏం చెప్పాలి, చేను ఏ గొయ్యిలోంచి తీసివ్వాలి? మీరు క్షమించనక్కర్లేదు, ఆ హక్కు మీది కాదు. మా అమ్మాయికి చెప్పాల్సిన వాక్యం ఇక్కడ రాస్తున్నాను. నన్ను ఎవరూ మోసం చేయలేదమ్మా. ఆ కాగితంలో ఏముందో నాకు తెలుసు. తెలిసే ఆమె వేలు పట్టుకున్నాను.