వెనకాల వచ్చిన గొంతు

గుంటూరు మిరప ఘాటుకి ఆవిడ గొంతు పోయిందనీ, అందుకే హరికథలు మానేసిందనీ పొదిలి వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. గుంటూరులోని మా రికార్డింగ్ గదిలోంచి బయటికి నడిచేటప్పుడు కూడా ఆవిడ గొంతు గంటలా ఉంది. పోయింది గొంతు కాదు.

అప్పట్లో మా ఆయన టేపు మెషిన్ మీద భక్తి పాటలు, ఎన్నికల పాటలు రికార్డు చేసేవారు. రెండు వేల సంవత్సరం దాటాక, కంప్యూటర్ లేకపోతే ఎవరూ మన గడప తొక్కరని ఇంట్లో పోరు పెట్టింది నేను. డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్ని కాబట్టి ఏది కొనాలో నేనే తేలుస్తానని కొట్టుకి వెళ్ళాను.

కొట్టతను మర్యాదగానే చెప్పాడు. "పాటలు వినడానికైతే బోర్డులో ఉన్న సౌండ్ చాలు మేడమ్. రికార్డింగ్ అంటున్నారు కాబట్టి విడిగా మంచి సౌండ్ కార్డు వేయించుకోండి. లేకపోతే ఆలస్యం వస్తుంది."

"ఇంత స్పీడు ప్రాసెసర్ పెట్టుకుని ఇంకా ఆలస్యమేంటండీ? ఉన్నదానికి ఇంకోటి తగిలించడం మీ వ్యాపారం. ఫిజిక్స్ చదివాను, నాకు చెప్పకండి."

"చదువు సంగతి కాదండీ..." అని ఊరుకున్నాడు. ఎదుటివాళ్ళు ఊరుకుంటే నెగ్గాననుకోవడం నాకు అలవాటు. ఆ కార్డు బదులు పెద్ద మానిటర్ తీసుకున్నాను. గదిలోకి వచ్చినవాళ్ళకి కనబడేది అదే కదా!

బిగించాక పాటలో కరకరమని చప్పుడు వచ్చింది. సెట్టింగుల్లో వెతికి, బఫర్ అనే అంకెను పెంచితే చప్పుడు పోయింది. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు. ఆ అంకె పెరిగేకొద్దీ, మైకులోకి వెళ్ళిన గొంతు హెడ్‌ఫోన్‌లోకి తిరిగొచ్చేసరికి అంత ఆలస్యమవుతుందని నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

కొత్త మెషిన్ మీద మొదట పాడటానికి వచ్చింది ఆ భాగవతారిణిగారు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. పొదిలి నుంచి చెల్లెల్ని తోడు తెచ్చుకుని బస్సులో వచ్చింది. ముప్పై ఏళ్ళుగా నవమి పందిళ్ళలో నిలబడి కథ చెప్పింది గానీ, ఆమె గొంతుతో ఒక్క క్యాసెట్టూ లేదు. ఒకటైనా మిగలాలని ఆశ. ఎప్పుడూ మృదంగం ఆమె వెనక నడిచేది. నేను మృదంగం ముందే రికార్డు చేసి, అది వింటూ పాడమన్నాను. చేతిలో చిడతలు కూడా పక్కన పెట్టించాను, మైకులో పడతాయని.

రెండు చరణాలు పాడి ఆగిపోయింది. "అమ్మాయ్, నేను పాడాక నా గొంతు నా వెనకాల వస్తోందే! ఎవరో నన్ను వెక్కిరిస్తున్నట్టుంది."

"వెనకాల వచ్చేది గొంతు కాదు పిన్నిగారూ, వయసు," అన్నాను.

మా ఆయనా, పక్కనే కూర్చున్న మృదంగం ఆయనా నవ్వారు. చెల్లెలు నవ్వలేదు. పిన్నిగారు కూడా కాస్త నవ్వి, "పోనీ ఇది ఒక చెవి మీంచి తీసేసి పాడనా?" అంది.

"వద్దండీ, ఆ చప్పుడు మైకులోకొస్తుంది. లెక్క చూసుకుని పాడండి."

తన గొంతు కోసం ఆగుతూ ఆగుతూ పాడింది. నాలుగోసారి అయ్యాక స్పీకర్లలో వినిపించాను. "మీరే వినండి. తాళం ఎక్కడుందో చెప్పండి."

చివరిదాకా విన్నది. మెడలోకి దించుకున్న హెడ్‌ఫోన్ తీసి, వైరు పొందిగ్గా చుట్టి బల్ల మీద పెట్టింది. "నిజమేనమ్మా. తప్పుతోంది," అంది. నేను ఆవిడ చేత ఒప్పించాను. వాదనలో నాకు మించినవాళ్ళు లేరు మరి.

ఆ నెలలోనే ఒక కీబోర్డు వాయించే ఆయన వచ్చారు. రెండు మెట్లు నొక్కి, "ఏంటి మేడమ్, నేను నొక్కాక స్వరం తీరిగ్గా వస్తోంది? బఫర్ ఎంత పెట్టారు?" అన్నారు. ఆవిడ అన్నదీ ఇదే. ఆయన మాటని మాత్రం ఒక్క నిమిషంలో నమ్మాను. మర్నాడే ఆ కొట్టుకి వెళ్ళి, అతని మొహం చూడకుండా కార్డు తెచ్చాను. బిగించి హెడ్‌ఫోన్ పెట్టుకుని నేనే నాలుగు ముక్కలు పాడాను. గొంతు పెదవి దగ్గరే ఉంది.

ఆవిడ పక్కింటికి ఫోన్ చేస్తే చెల్లెలుగారు వచ్చి మాట్లాడారు. "మెషిన్ బాగుచేయించాం, పిన్నిగారిని ఒకసారి రమ్మనండి," అన్నాను.

"అక్క ఇప్పుడు పాడటం లేదమ్మా. నవమి పందిరికి కూడా రానని చెప్పేసింది. అడుగుతుంటే లెక్క తప్పుతోందంటుంది."

తప్పింది ఆవిడ కాదు, నేను కొన్న మెషిన్ అని అప్పుడే చెప్పాలి. ఒక్క ముక్క. నా నోటినుంచి వచ్చిందేమిటో తెలుసా? "అయ్యో, గుంటూరు ఘాటు పడలేదేమోనండీ, గొంతు పట్టేసి ఉంటుంది."

ఆ అబద్ధం పుట్టింది నా నోటినుంచే. ఊరు దాన్ని మోసుకు తిరుగుతోంది, అంతే.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. చెల్లెలుగారు పొదిలిలోనే ఉన్నారు. ఇన్నేళ్ళుగా అందరితో అన్ని మాటలూ అన్నదాన్ని, ఆమెను ఒక్కటి అడగలేకపోతున్నాను. మీ అక్క ఆ తర్వాత ఎప్పుడైనా, పందిట్లో కాదు, ఇంట్లో తనకోసమైనా ఒక్క చరణం పాడుకుందాండీ?