నాన్న పడుకున్న ఈస్టరు

మొన్న వన్‌టౌన్‌లో ముందు తోపుడుబండి, వెనక లారీ, మధ్యలో మా ఆటో ఇరుక్కుపోయినప్పుడు ఏదో కొట్టులోంచి కర్పూరం వాసన గుప్పుమంది. గుణదలలో మూడింటికి స్త్రీల కూడికలో నేను వాక్యం చెప్పాలి, అప్పటికే రెండున్నర. గడియారం చూసుకుంటున్నదాన్ని కాస్తా ఆ వాసన వెంట నాన్న కాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాను. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి అమ్మ సాయంత్రాలు ఆయన పిక్కలకు రాసేది. ఒక కాలు పూర్తవకముందే వాకిట్లో ఎవరో "అయ్యగారూ" అనేవారు. నూనె కాళ్ళతోనే చెప్పులు తొడుక్కునేవాడు.

నాన్న పాస్టరు. విజయవాడకు దిగువన కాలువ గట్టు వెంట నాలుగు ఊళ్ళు, నాలుగు చిన్న చర్చిలు, ఒక సైకిలు. ఆదివారం మూడు ఆరాధనలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన, మధ్యలో పెళ్ళిళ్ళు, సమాధులు, జ్వరాలు, కొత్తగా వేసిన బోరుకి ప్రార్థన, ఈనలేక నలిగిపోతున్న గేదెకి ప్రార్థన. డిసెంబరులో ఇల్లంతా అరిసెల పాకం వాసన వేస్తుంటే గుమ్మంలో నిలబడే ఒక ముక్క కొరికి, మిగతాది నా చేతిలో పెట్టి పోయేవాడు. నేనూ చెల్లీ 'అయ్యగారి ఆట' ఆడుకునేవాళ్ళం. నేను నాన్న తువ్వాలు భుజాన వేసుకుని ఉత్తుత్తి అన్నం తింటుంటే అది గుమ్మంలోంచి పిలిచేది, నేను చెయ్యి కడుక్కుని పరుగెత్తేదాన్ని. అంతే ఆట. వెళ్ళడమే తప్ప తిరిగి రావడం అందులో లేదు. ఒకసారి నాన్న చూసి గట్టిగా నవ్వాడు, నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. ఏదో అనబోయేలోగా ఎవరో పిలిచారు.

"ఒక్క పూట నడుం వాల్చండీ" అని అమ్మ అంటే, "దేవుడి పని ఆగకూడదే" అనేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మంచి శుక్రవారం నాడు ఆగింది. కాలువకు నీళ్ళు కట్టేసిన రోజులు, గట్టు మీద దుమ్ము, రేకుల కప్పు కింద మూడు గంటల ఆరాధన, ఆయన ముందురోజు నుంచీ ఉపవాసం. సిలువ మీది ఐదో మాట చెబుతూ, దాహం అన్న మాట నోట్లో ఉండగానే బల్ల మీదికి ఒరిగిపోయాడు. విజయవాడ ఆసుపత్రిలో ఒక రోజు ఉంచి, గుండె అలిసిపోయిందనీ, నెల రోజులు మంచం దిగకూడదనీ చెప్పి పంపారు.

ఆదివారం ఈస్టరు. తెల్లవారుతుండగానే నాన్న చొక్కా కోసం తడుముకుంటున్నాడు. "ఈస్టరు పొద్దున జనం కాపరి లేకుండా ఆరాధనకి సమాధుల తోటకెళ్తారా?"

గుమ్మానికి అడ్డంగా మరియమ్మ మామ్మ నిలబడింది. అరవై ఏళ్ళు నాట్లలో, కోతల్లో నడుం వంచిన మనిషి, అక్షరం రాదు, చర్చి ఊడుస్తూనే వాక్యమంతా విని నోటికి పట్టింది.

"మంచం దిగారంటే ఊరుకోనండి. యేసయ్యంతటోడే దోనెలో తలకింద దిండెట్టుకుని నిద్దరోయాడు. మీరాయన కన్నా గొప్పోళ్ళా అయ్యగారూ?"

జనాన్ని వెంటబెట్టుకుని తనే వెళ్ళింది. అమ్మా నేనూ నాన్న దగ్గర ఉండిపోయాం. కాలువ అవతల నుంచి పాట వినిపిస్తోంది. రెండో చరణం తప్పుతారేమోనని ఆయన పెదవులు కదులుతున్నాయి, వేళ్ళు దుప్పటిని పీకుతున్నాయి. పాట ఆగింది. మామ్మ గొంతు సన్నగా, మాటలు అందకుండా సాగి, ఆ తర్వాత ఊరంతా ఒక్కసారిగా అరిచింది, "ప్రభువు నిజముగా లేచియున్నాడు!"

నాన్న కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. "నేను లేకపోయినా లేచాడే" అన్నాడు.

"మొదటిసారీ మీరు లేకుండానే లేచాడండీ" అంది అమ్మ.

ఆయన నవ్వి, గోడవైపు తిరిగి నిద్రపోయాడు. పట్టపగలు నిద్రపోతున్న నాన్నను నేనెప్పుడూ చూడలేదు. భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. వెచ్చగా తగిలింది. అయినా నాలుగుసార్లు చూశాను. మరియమ్మ మామ్మ తోట నుంచి తిరిగొచ్చి, గడప మీద కూర్చుని చింతపండు గింజ తీస్తూ, వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పింది. "పడుకున్నారు. రేపు రండి."

ఆ తర్వాత నాన్న సోమవారాలు ఇంట్లోనే ఉండేవాడు. అయ్యగారికి బద్ధకం పట్టిందని కొందరు సణిగారు కూడా. ఆయనకీ పూర్తిగా రాలేదు ఆ విద్య. మంచం మీద ఉన్నా, గట్టు మీద సైకిలు బెల్లు వినిపిస్తే పాదం కదిలేది. అయినా సోమవారం ప్రార్థనలు మామ్మకు వదిలేశాడు. ఆ ఈస్టరు తర్వాత ఇంకో ఇరవై రెండేళ్ళు బతికాడు.

ఇప్పుడు నాన్న లేడు, మామ్మ లేదు. రేకుల చర్చి స్లాబు చర్చి అయింది. మా ఇళ్ళలో గడప మీద కూర్చుని రేపు రమ్మని చెప్పే మనిషి లేడు. ఫోను దిండు పక్కనే పడుకుంటుంది, ప్రార్థన మనవులు అందులోకే వస్తాయి, జవాబివ్వకపోతే నొచ్చుకుంటారు. పోయిన నెల విశ్రాంతి గురించే వాక్యం చెప్పాను. బాగా చెప్పానన్నారు. ఒకే ఆదివారం, మూడు చోట్ల చెప్పాను. ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదు.