ముగ్గులేసిన రోడ్డు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పెళ్ళికొడుకులకి కూడా జరగని మర్యాద ఒక గుంతల రోడ్డుకి జరిగింది. కోడూరు దాటాక మా ఊరికి వచ్చే దారి అది. పాత అలవాటు కొద్దీ దాన్ని రోడ్డు అనేవాళ్ళం. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి అవనిగడ్డ నుంచి ఎర్రబస్సు వచ్చేది. అందులో కూర్చున్నవాళ్ళు ఊగే తీరు దూరం నుంచి చూస్తే పడవలో వస్తున్నారనుకోవాల్సిందే.

ఆ బస్సులోనే మా పక్కింటి అక్క అవనిగడ్డలో ఇంటర్ చదవడానికి వెళ్ళేది. మా వీధిలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల ఆవిడే. వాళ్ళ నాన్న చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఇంటి ముందు బస్సు ఆగినన్నాళ్ళే చదువని మొదటిరోజే చెప్పేశాడు. అంచేత అక్క చదువు ఆవిడ తెలివి మీద కాక బస్సు టైర్ల మీద ఆధారపడి నడిచేది.

అక్క రెండో ఏడాదిలోకి వచ్చాక, రోడ్డు బాగుచేయించకపోతే బస్సుని కోడూరులోనే ఆపేస్తామని డిపో వాళ్ళు చెప్పారు. ఊరి పెద్దలు అర్జీ పెట్టారు. కొన్నాళ్ళకి ఇంజనీరు గారు రోడ్డు చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. ఇంటికెవరైనా వస్తున్నారంటే చిందరవందరగా ఉన్నవన్నీ మంచం కిందికి తోసి పైనుంచి దుప్పటి దించే అలవాటు మాది. మా తాతయ్య పెద్దరికంలో ఊరంతా కలిసి రోడ్డుకీ అదే పని చేసింది. రైస్ మిల్లు నుంచి ఊక బూడిద బళ్ళకెత్తి తెచ్చి గుంతల్లో పోశారు. పైన కాలవ మట్టి పరిచి నీళ్ళు చల్లారు. అది చాలదన్నట్టు ఆడవాళ్ళు అంచుల వెంట ముగ్గులేశారు. ఇంజనీరు గారి జీపు నూనెలో గారెలా జారుకుంటూ వచ్చింది. ఆయన కొబ్బరినీళ్ళు తాగి, చాలా శుభ్రమైన ఊరని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. రోడ్డు బాగానే ఉందని, మరమ్మతు అక్కర్లేదని రాశాడట.

కార్తీక మాసం వానలకి బూడిదంతా తేలి పొలాల్లోకి పోయింది. బస్సు తూము దగ్గర కూరుకుపోయింది. దాన్ని ట్రాక్టరుతో లాగించుకుపోయిన డిపో వాళ్ళు మళ్ళీ పంపలేదు. అక్క ఇంట్లో కూర్చుంది. వాళ్ళ నాన్న ఆవిడని ఒక్క మాటా అనలేదు. పుస్తకాలన్నీ తీసి, గుడ్డ చుట్టి, జాగ్రత్తగా అటక మీద పెట్టేశాడు. తిట్టి ఉంటే ఏడవడానికైనా వీలుండేది.

ఇంత జరిగాక మావాళ్ళకి బుద్ధొచ్చిందని మీరనుకుంటారు. మా తాతయ్యకి వచ్చింది కోపం. అన్ని కొబ్బరినీళ్ళు తాగి విశ్వాసం లేకుండా రాశాడని రోజూ అరుగు మీద ఆ ఇంజనీరుని తిట్టేవాడు. ఆయన లెక్కలో, తప్పంతా మనం చేసిన మర్యాద చాలకపోవడంలోనే ఉంది. ఈలోగా, రోడ్డు బాగుందని ఒక ఆఫీసు, బాగోలేదని బస్సుల వాళ్ళు చెరో మాట రాసేసరికి, తగువు తీర్చడానికి ఇంకా పెద్దాఫీసరు ఒకాయన బయల్దేరాడు. పెద్దాఫీసరు కదా అని మావాళ్ళు బూడిద ఇంకో రెండు బళ్ళు ఎక్కువ తెచ్చారు.

ఆయన వచ్చే రోజు తెల్లవారుతుండగా తాతయ్య వెంట నేనూ తూము దాకా వెళ్ళాను. పూడ్చిన గుంత సరిగ్గా గట్టిపడిందో లేదో చూసుకోవాలని ఆయన ఆరాటం. తీరా చూస్తే మంచులో అక్క. పవిట బొడ్లో దోపుకుని, పారతో ఆ గుంతలో మట్టంతా తోడి పక్కన పోస్తోంది. తాతయ్య కేకకి గట్టు మీద కొంగలు లేచిపోయాయి గానీ అక్క బెదరలేదు. ఊరి పరువు తీస్తావా అని ఆయన తిడుతున్నంతసేపూ తోడుతూనే ఉంది. ఆయనకి ఆయాసం వచ్చి ఆగాక తలెత్తింది.

"తాతయ్యగారూ, కాలేజీ ఎందుకు మానేశావని నన్ను అడుగుతున్నారండీ అందరూ. రోడ్డు బాగుందని చెప్పమంటారా?"

నిజానికి ఇలాంటి చోట పెద్దవాళ్ళ కళ్ళు చెమర్చాలి. మా తాతయ్య కళ్ళు చెమర్చలేదు. పంచె ఎగ్గట్టి గుంతలోకి దిగాడు. "పార అలాక్కాదు పట్టుకునేది, నడుం పోద్ది. ఇటియ్యి," అన్నాడు.

పొద్దెక్కేసరికి జనం పోగయ్యారు. ఊరి ప్రెసిడెంటు గారు, తాతయ్యకి బావ వరస, గుంతలో మోకాళ్ళ దాకా దిగి ఉన్న ఈయన్ని చూసి, "ఏం బావా, నిన్న పూడ్చి ఇవాళ తవ్వుతున్నావు. మతి గానీ పోయిందా?" అన్నాడు.

"నిన్న పోయింది. ఇందాకే వచ్చింది," అన్నాడు తాతయ్య, తలెత్తకుండానే.

కొందరు తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. కొందరు ఇళ్ళకెళ్ళి పారలు తెచ్చుకున్నారు. పెద్దాఫీసరు జీపు తూము దగ్గర ఇరుసు దాకా దిగబడింది. ఆయన ప్యాంటు మోకాళ్ళ వరకూ బురదే. ఒక బూటు రోడ్డుకి ఇచ్చేసి గట్టెక్కాడు. మనల్ని జైల్లో పెడతారని నేను ఖాయం చేసుకున్నాను. తాతయ్య అక్కని ముందుకు పిలిచి, బస్సు ఎక్కడాగిపోయిందో చెప్పమన్నాడు. అక్క చెప్పింది. ఆయన చాలాసేపు విన్నాడు. ఒక కాలికి బూటు లేకపోతే మనుషులకి వినే ఓపిక పెరుగుతుందనుకుంటాను.

రోడ్డు మంజూరైంది. ఆ రోజే అక్క వాళ్ళ నాన్న పుస్తకాలు అటక మీంచి దించాడు. బస్సు వచ్చేదాకా తన టీవీఎస్ మీద తనే తీసుకెళ్తానన్నాడు. తీసుకెళ్ళాడు కూడా, ఇద్దరూ ఎన్నోసార్లు పడుతూ లేస్తూ. కాకపోతే మంజూరైన రోడ్డుకీ వేసిన రోడ్డుకీ మధ్య చాలా దూరం ఉంటుంది. కంకర కుప్పలు దిగేసరికి పరీక్షలు వచ్చేశాయి. కెమిస్ట్రీ పరీక్ష రోజున ఆ తూము దగ్గరే బండి పడి చక్రం వంకరపోయింది. కోడూరు దాకా నడిచి, బస్సు పట్టుకుని అవనిగడ్డ చేరేసరికి కాలేజీ గేటు మూసేశారు. ఆ ఒక్క పరీక్ష మళ్ళీ రాసి పాసయ్యేసరికి పైచదువుల్లో ఆ ఏటి సీట్లు అయిపోయాయి.

వానాకాలానికి ముందు కొత్త తారురోడ్డు మీద బస్సు వచ్చింది. ప్రెసిడెంటు గారు దండ వేసి కొబ్బరికాయ కొట్టారు. మా తాతయ్య వెళ్ళలేదు. అరుగు మీద కూర్చుని, "మొదటిసారే గుంతల్ని గుంతల్లా చూపించుంటే, ఆ పిల్లకి ఏడాది మిగిలేదిరా," అన్నాడు. దానికి నేను జోకేమీ వెయ్యలేకపోయాను. ఇప్పటికీ వెయ్యలేను.

అక్క ఆ మరుసటేడు డిగ్రీలో చేరింది, బాగానే స్థిరపడింది. చేజారిన ఆ ఏడాది గురించి ఎప్పుడూ మాట్లాడదు. నాకు మాత్రం ఒక జబ్బు మిగిలింది. స్కూల్లో గానీ, ఆసుపత్రిలో గానీ, ఎవరో పెద్దాయన తనిఖీకి వస్తున్నాడని హడావుడిగా సున్నాలు కొట్టి సర్దుతుంటే అందరూ ఆ గోడల్ని చూస్తారు. నేను, ఆ సున్నం కింద ఎవరి ఏడాది పూడుకుపోతోందో అని చుట్టూ ఉన్న మొహాలు వెతుక్కుంటాను.