వెనక సీటు తీసేసిన బండి

బహ్రెయిన్‌లో కారు కొన్నప్పుడు నేను ఒక్కటే నిశ్చయించుకున్నాను. మా ఊరివాళ్ళకు డ్రైవరుగా మాత్రం ఉండను.

కొన్నది పెద్ద కారేమీ కాదు. ముగ్గురి చేతులు మారిన చిన్న బండి. ఎండకు తెల్లరంగు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. మా తాత కారు వెనక సీట్లో నేను ఊరేగి పెరిగానని ఇక్కడ కొందరు అనుకుంటారు. నేను పుట్టేనాటికి ఆ కారు మా దొరల గడీ వెనక కొట్టంలో ఇటుకల మీద నిలబడి ఉండేది. ఆ తర్వాత గడీయే పోయింది, దాన్ని కొన్నవాడు అందులో కోళ్ళ దాణా నింపుకున్నాడు. కానీ ఆ కారు వెనక సీట్లో కూర్చుని నేను ఎక్కాలు నేర్చుకున్నాను. తాత ఏనాడూ ముందు కూర్చోలేదని నాయనమ్మ చెప్పేది. ముందు డ్రైవరు, వాడి పక్కన ఒక జీతగాడు. బండి ఆగగానే దూకి తాతకు తలుపు తీయడం ఆ జీతగాడి పని. తాత ఏం చెప్పినా వాడు "బాంచెన్", అంటే మీ బానిసను, అనే జవాబిచ్చేవాడు.

ఆ జీతగాడి కొడుకు ఇప్పుడు ఇక్కడే, హూరా పేటలో కార్గో దుకాణం నడుపుతున్నాడు. ఊళ్ళకు పెట్టెలు పంపేవాళ్ళంతా అక్కడికే వెళతారు. నా వయసువాడే. ఒక శుక్రవారం మా ఊరివాళ్ళందరి భోజనాలు అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

"దొరా, హూరా దిక్కే గదా పోతున్నవ్? జర నన్ను దింపు."

ముందు తలుపు తీసి ఉంచాను. అతను దాన్ని దాటి వెళ్ళి, వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. కాలు మీద కాలు వేసుకుని ఫోనులో ఇంటికి వీడియో కలిపి, దాన్ని నా తల దగ్గరికి చాచాడు.

"అగో, సూడు. డ్రైవరెవలో గుర్తువట్టినవా? మన దొర! అవ్ మల్ల, దుబాయిల మనకు దొరలే డ్రైవర్లు."

మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. ఫోనులో ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. బండి ఆపి దింపేయవచ్చు. అలా చేస్తే నాకు కోపం వచ్చిందని తెలుస్తుంది. ఇలాంటివాళ్ళ మీద కోపం చూపించడం మా ఇంట్లో నామోషీ. హూరా వరకు తీసుకెళ్ళి దింపాను.

తర్వాతి శుక్రవారం అతనితో కలిపి నలుగురు వచ్చారు. నలుగురూ వెనకే ఎక్కారు. ఒకడి ఒళ్ళో ఒకడు ఇరుక్కుని, మోకాళ్ళు గడ్డాలకు తగులుతున్నా సరే, నా పక్క సీటు మాత్రం ఖాళీగా వదిలేశారు. అద్దంలో చూస్తే నాలుగు మొహాలూ వెలిగిపోతున్నాయి.

ఆ వారమే బండిని గ్యారేజీలుండే సల్మాబాద్‌కు తీసుకెళ్ళాను. గ్యారేజీలో మేస్త్రీ గోదావరి జిల్లావాడు.

"వెనక సీటు పీకెయ్," అన్నాను.

"ఎందుకండీ? శుభ్రంగా ఉందిగా."

"బరువు తగ్గాలి. మైలేజీ కావాలి."

"సీటు ఒక్కదానికే మైలేజీ ఎక్కడొస్తాదండీ?"

"అయితే ఇంకేం తీయాలో అవీ తియ్."

అలా మొదలైంది. మైలేజీ సాకుగానే మొదలుపెట్టాను గానీ, రెండు వారాల్లో అది నిజంగానే పట్టుకుంది. ఏసీ యంత్రం, దాని గొట్టాలు తీయించాను. వెనక తలుపుల్లో అద్దాలు దించే సరంజామా తీయించి, అద్దాలను పైకి బిగించేయించాను. సన్నటి టైర్లు వేయించాను. చక్రాలకు చదునైన అల్యూమినియం మూతలు చేయించాను. గాలి చక్రాల్లోకి దూరి బండిని వెనక్కి లాగకుండా ఉండటానికవి. కానీ వాటిని సానపట్టించి బిగించాక, దూరం నుంచి చూస్తే మా తాత కారు చక్రాలే. రంగు మారిస్తే కాగితాలు మార్చాలి కాబట్టి తెలుపు మీద తెలుపే వేయించాను, అయితే నాలుగు పూతలు. బయటికి వచ్చిన బండిని చూసి పక్క గ్యారేజీవాళ్ళు పని ఆపేశారు. బయట పెళ్ళికొడుకు, లోపల వట్టి రేకు. పెట్రోలు బంకుకు వెళ్ళడం సగానికి సగం తగ్గింది. ఎండలో చెమట కారేది. చెమట నాకు అవమానం కాదు.

శుక్రవారం నలుగురూ వచ్చి వెనక తలుపు తీసి, వట్టి రేకు చూసి నిలబడిపోయారు.

"సీటేది దొరా?" అన్నాడు కార్గో దుకాణం అతను.

"మైలేజీ కోసం తీసేసిన. కింద కూసోరాదు? మీకు అలవాటే గద."

ఒక్కడు కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు. కార్గో అతని మొహం మాడిపోయింది. తలుపు మూశాడు. మెల్లగా, జాగ్రత్తగా మూశాడు. ఒంటరిగా ఇంటికి వెళ్ళాను. బహ్రెయిన్ వచ్చాక అంత హాయిగా ప్రయాణించిన రోజు ఇంకొకటి లేదు.

నెల తిరగకముందే అతని జవాబు అందింది. హూరా మీదుగా వెళుతుంటే అతని దుకాణం ముందు నా సీటు కనబడింది. కింద సిమెంటు ఇటుకలు పేర్చి, గోడకు ఆనించి వేశాడు. పీకించిన సీటును గ్యారేజీలోనే వదిలేశాను; మేస్త్రీని అడిగితే "మీ ఊరాయనే అండి, బేరం కూడా ఆడకుండా పట్టుకెళ్ళాడు" అన్నాడు. పెట్టెలు కట్టించుకోవడానికి వచ్చినవాళ్ళంతా వరసగా దానిమీద కూర్చుని టీ తాగుతున్నారు. నన్ను చూసి అతను లేచి, చేతులు కట్టుకుని, నడుము వంచాడు.

"బాంచెన్ దొరా, కూసోండ్రి. మీ సీటే!"

వీధి చివరి వరకు నవ్వులు వినిపించాయి. నేను కూర్చోలేదు.

ఆగస్టులో బండి వార్షిక తనిఖీ వచ్చింది. తనిఖీ అధికారి చక్రాల మూతలు చూసి ముచ్చటపడ్డాడు. వెనక తలుపు తీసి తల అడ్డంగా ఊపాడు. కాగితంలో ఎంతమందికి సీట్లు రాసి ఉంటే బండిలో అన్ని సీట్లూ ఉండాలట. అవి లేనిదే రోడ్డెక్కడానికి వీల్లేదు. అలాంటి సీటు కోసం తుక్కు దుకాణాలన్నీ తిరిగాను. ఎక్కడా దొరకలేదు. ఉన్నది హూరాలో నా సీటొక్కటే.

హూరాకు వెళ్ళాను. అతను సీటు మీదే ఉన్నాడు. చుట్టూ జనం.

"సీటు కావాలె," అన్నాను.

"తీస్కపో దొరా. నాకు పైసలొద్దు," అన్నాడు. "నన్ను ఒక్కసారి బుసైతీన్ దాంక ఇంటికాడ దింపు. ఎనక కూసుంట. డోరు నువ్వు తియ్యాలె. ఎక్కెటప్పుడు, దిగెటప్పుడు."

"ముందుగాల సీటు బిగించుకొని వస్త."

"బిగించుకో. దొరల మాట మీద నమ్మకముంది నాకు."

మర్నాడు మధ్యాహ్నం, సీటు బిగించుకుని, విరామానికి దుకాణం కట్టేసే వేళకు వచ్చాను. మాట ఇచ్చినవాణ్ని. పదిమంది చూస్తుండగా బండి దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, వెనక తలుపు తీసి పట్టుకున్నాను. అతను ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. ఎక్కాడు. చూస్తున్నవాళ్ళు ఫోన్లలో వీడియో తీసుకున్నారు. తలుపు మూశాను.

ముందు అద్దాలు రెండూ పైకెత్తి బండి కదిలించాను.

మొదటి సిగ్నల్ దగ్గర అతను వెనక అద్దం హ్యాండిల్ కోసం వెతికాడు. అది ఉండవలసిన చోట రేకు మాత్రమే ఉంది. రెండో సిగ్నల్ దగ్గర అడిగాడు.

"ఏసీ ఎయ్యి దొరా."

"లేదు. తీసేసిన."

"అద్దం దించు మరి."

"ఎనుకవి దిగయి."

"నీ దిక్కుది దించు."

"అద్దం దించితే గాలి బండిని ఆపుతది. పెట్రోలు ఎక్కువ తాగుతది."

మెల్లగా నడిపాను. మెల్లగా నడిపితేనే ఆదా. బుసైతీన్ వైపు వెళ్ళే వంతెన ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. నా చెమట కూడా మెడ మీద నుంచి నడుము వరకు ధారగా కారుతోంది. నాకు ఆ బండి అలవాటే. అద్దంలో అతని మొహం ఎర్రబారి, తర్వాత రంగు పోయింది. చొక్కా ఒంటికి అంటుకుంది. ఫోను చేతిలోంచి జారినా వంగి తీసుకోలేదు. వంతెన సగం దాటాక ముందుకు వాలి, రెండు చేతులతో నా సీటు వెనక భాగం పట్టుకున్నాడు.

"బాంచెన్... ఆపు. బాంచెన్."

ఈసారి నవ్వేవాళ్ళెవరూ లేరు. ఆ గొంతు అతనిది కాదు. నాయనమ్మ అనుకరించి చూపించేదే, ఆ జీతగాడిది.

వంతెన దిగేదాకా నడిపి, బండి పక్కకు ఆపాను. దిగి వెళ్ళి తలుపు తీశాను. దిగేటప్పుడు కూడా తీస్తానని ఒప్పుకున్నాను గదా. అతను రోడ్డు అంచున కూలబడి కక్కాడు. నీళ్ళ సీసా డిక్కీలో ఉంది. అడిగితే ఇచ్చేవాణ్ని. తల వంచుకునే ఉన్నాడు, అడగలేదు. అక్కడి నుంచి ఇంటికి నడిచే వెళ్ళాడు.

తనిఖీలో బండి పాసయింది. అధికారి వెనక సీటును అరచేత్తో నొక్కి చూశాడు. దాని మీద చెమట ఎండి, ఒక వీపు ఆకారంలో తెల్లటి ఉప్పుమరక కట్టి ఉంది.

ఆ సాయంత్రమే సల్మాబాద్ వెళ్ళి సీటు మళ్ళీ పీకించాను. ఈసారి అక్కడ వదల్లేదు. నా గదిలో మంచం పక్కన గోడకు ఆనించి ఉంది. దానిమీద నేను కూర్చోను. వచ్చినవాళ్ళను కూర్చోనివ్వను.