దిబ్బలో వేసిన వయ్యారిభామ

నాకు ఓపిక తక్కువ. ఫ్యాక్టరీలో మెషిన్ కాసేపు ఆగినా కాళ్లు నేల మీద నిలవవు. ఆ తొందరే మా అక్క చేనుకు చేటు తెచ్చింది.

అక్కది హోసూరు దగ్గర తళి పక్క పల్లె. బావ పోయాక రాగి చేనును ఒంటి చేత్తో నడుపుతోంది. కొన్నేళ్ల కిందట గట్ల మీద వయ్యారిభామ దిగింది. మా వైపు కాంగ్రెస్ గడ్డి అంటారు. దాని వయ్యారం ఆవుకు కూడా నచ్చదు, మూతి తిప్పుకొని పోతుంది. అది వచ్చాక గట్టు మీద గరిక పోయింది. అక్క ఒడి నిండా కోసుకొచ్చే తుమ్మికూర, గురుగాకు పోయాయి. పైగా అది తగిలితే అక్క చేతులు, మెడ ఎర్రగా పొంగి రసి కారేవి. “దాని పుప్పొడి సోకినా కష్టమే, దూరంగా ఉండండి” అన్నాడు హోసూరు డాక్టరు. చేనుకే దూరంగా ఉండమన్నట్టు వినబడింది అక్కకు. ఆసుపత్రి మెట్ల మీదే ఏడ్చింది.

నేను పీకుతానని మాటిచ్చాను.

“పూత రాకముందే రాప్పా. పూసినాక పీకితే కాల్చేయాల. యాడా పడేయొద్దు” అంది.

ఓవర్‌టైం అంటూ మూడు ఆదివారాలు జారిపోయాయి. నేనుండే మత్తిగిరి నుంచి బండి మీద వెళ్లేసరికి గట్లన్నీ తెల్లగా పూసి ఉన్నాయి. అక్క చుట్టాల పెళ్లి ఉందని కృష్ణగిరి పోయింది. గ్లౌజులు వేసుకుని సాయంత్రం దాకా పీకాను. పచ్చి మొక్కలు అంటుకోలేదు, పొగే తప్ప మంట లేదు. ఎండేదాకా ఎవడు కాచుకుంటాడు? మొత్తం ఎత్తి దిబ్బలో వేసి పైన పేడ కప్పాను. ఎరువవుతుందిలే అని నా తెలివికి నేనే మురిసిపోయాను. ఫోన్లో అక్క “కాల్చినావా?” అంటే “ఆ, కాల్చినాను” అన్నాను.

ఎండాకాలంలో అక్క ఆ దిబ్బ ఎరువునే చేనంతా చల్లించింది. వానలు పడ్డాయి. గట్ల మీద ఉన్నది ఇప్పుడు రాగి పైరు సాళ్ల నడుమ లేచింది. “గాలికొచ్చిందేమోప్పా” అంది అక్క. ఆ మాట వారమంతా నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. మరుసటి ఆదివారం ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

“ఈ ఏడు నేను చేన్లో దిగలేను. నువ్వే రావాల” అని మాత్రం అంది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పీకుతున్నాను, పూత రాకముందే. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన రోజులూ ఉన్నాయి. ఒక సాలు అయ్యేలోపు వెనక సాల్లో ఇంకోటి కనిపిస్తుంది. విత్తనం మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుందని వ్యవసాయ ఆఫీసులో చెప్పారు. అక్క దూరంగా బాట మీద నిలబడి “ఆడొకటుంది, ఈడ వదిలేసినావు” అని గడ్డంతో చూపిస్తుంది. నాకు చిరాకొస్తుంది, ఆమె మీద కాదు.

పోయిన ఆదివారం కంకుల్లో గింజ పట్టింది. ఏటా మొదటి కంకిని అరచేతిలో నలిపి నోట్లో వేసుకునేది అక్కే. “ఒకటి తెంచుకు రాప్పా” అంది. తెంచి పరుగున వెళ్లాను. ఆమె చెయ్యి చాపింది. నా చొక్కా నిండా ఆ మొక్కల దుమ్ము చూసి చెయ్యి వెనక్కి తీసుకుని రెండడుగులు జరిగింది.

“అట్లే పట్టుకో. నువ్వే నలిపి చెప్పు, గింజలో పాలుండాయా?”

గ్లౌజు తీసి నలిపాను. “ఉండాయక్కా” అన్నాను.