కుక్క మీద రాసిన కాగితం

మా వీధికి పాలు పోసే ఆమె రోజూ పొద్దున్నే మామిడిపల్లి నుంచి మోపెడ్ మీద వచ్చేది. సీటుకు రెండు పక్కలా పాల క్యాన్లు, కాళ్ళ దగ్గర ఇంకొకటి, తలకు తువ్వాలు. యాభై దాటిన మనిషి. భర్త పోయాక బర్రెలను అమ్మెయ్యమని అందరూ అంటే, అమ్మకుండా బండి నడపడం నేర్చుకుందట. శంషాబాద్ పక్కన మేం ఇల్లు కట్టుకున్న కాలనీలో ప్యాకెట్ పాలు దొరక్క కాదు. అయినా మా వీధిలో సగం ఇళ్ళు ఆమె దగ్గరే పోయించుకునేవి. నేను ఆమెను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను చెల్లె అనేది.

అక్క మా గిన్నెలో పాలు పోశాక, గేటు లోపల కూర్చుని ఎదురుచూసే మా కుక్క పళ్ళెంలో కూడా కొంచెం ఒంపేది. దానికి పైసలు తీసుకునేది కాదు. ఆ కుక్క మాకు నా ఆఫీసు వల్ల వచ్చింది. విమానాల్లోకి భోజనాలు పంపే వంటశాలలో నేను లెక్కలు చూస్తాను. నా పక్క సీటు అమ్మాయి ఊరు మారిపోతూ, తను తెచ్చుకున్న కుక్కపిల్లను నా చేతిలో పెట్టింది. లాబ్రడార్ అనుకునే తెచ్చుకున్నాం గానీ, పెరిగేకొద్దీ చెవులు నిక్కబొడుచుకుని, నడుము సన్నబడి సగం మన వీధి కుక్కలాగే తయారైంది. అప్పటికే మా అమ్మాయి హాస్టల్‌కు వెళ్ళిపోయింది. ఇంట్లో పిల్ల అని పిలిచే అలవాటు పోక, కుక్కనే పిల్ల అనడం మొదలుపెట్టాం.

ఆ అమ్మాయి కుక్కతోపాటు ఒక సలహా కూడా ఇచ్చి వెళ్ళింది: "అక్కా, దీనికి ఇన్సూరెన్స్ చేయించు. నా పాత కుక్కకు కడుపుల ఆపరేషనైతే బంగారం కుదువ పెట్టిన."

మా ఆయన షాద్‌నగర్ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆ మాట చెబితే నవ్వాడు. "మనకే సక్కగ లేదు, కుక్కకు బీమానా?" అన్నాడు. అయినా నేను చేయించాను. టీకాల పుస్తకం, నాలుగు వైపుల నుంచి తీసిన ఫోటోలు, డాక్టరు చీటీ అడిగారు, ఇచ్చాను. కంపెనీ వాళ్ళు పంపిన పాలసీలో మొదటి పేజీ చదివి మిగతాది ఫోన్‌లోనే వదిలేశాను. అందరూ చేసేది అదే అనుకుంటాను.

ప్రమాదం జరిగిన రోజు మా ఆయన పొద్దుటి షిఫ్టుకు బండి బయటికి తీస్తున్నాడు. గేటు బార్లా తెరిచి ఉంది. వీధి మలుపులో అక్క హారన్ వినబడగానే పిల్ల ఆయన కాళ్ళ సందులోంచి దూసుకుపోయింది. కరవడానికి కాదు, మొరగనైనా మొరగలేదు. తోక ఊపుకుంటూ నేరుగా మోపెడ్‌కు ఎదురు పరిగెత్తింది. అక్క తప్పించబోయి హ్యాండిల్ తిప్పింది. బండి, క్యాన్లు, మనిషి అన్నీ ఒక పక్కకు పడిపోయాయి. పిల్ల వెనక కాలు క్యాన్ల కింద ఇరుక్కుంది. నేను పరిగెత్తేసరికి పాలు రోడ్డు వాలుగా పారుతున్నాయి. అక్క ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని కూర్చుని ఉంది.

"కుక్కను సూడు చెల్లె, కుయ్‌కుయ్‌మంటుంది," అంది. తన చెయ్యి వంకరపోయిన సంగతి అప్పటికి ఆమెకు తెలిసినట్టు లేదు.

మా ఆయన ఆటో పిలిచి అక్కను ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేను పిల్లను దుప్పట్లో చుట్టి ఊళ్ళోని పశువుల దవాఖానకు తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరు తొడ ఎముక విరిగిందని చేత్తో తడిమే చెప్పాడు. నొప్పి సూదిమందు వేసి, ప్లేటు వేసే ఆపరేషన్ ఇక్కడ కాదు, పెద్ద క్లినిక్‌కు పోవాలన్నాడు. అత్తాపూర్ దాకా వెళ్ళాం. ఎక్స్‌రే తీశారు. క్లినిక్ డాక్టరు నడివయసు మనిషి, ఓపికగా మాట్లాడాడు. ఆపరేషన్ చేస్తే నడుస్తుంది, చేయకపోతే కాలు ఈడుస్తుంది అని చెప్పి, ఖర్చు ఒక కాగితం మీద రాసి నా ముందు పెట్టాడు. నేను ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాను. అదే సమయానికి మా ఆయన ఫోన్ చేశాడు. అక్క మణికట్టు ఎముక జరిగిపోయిందట, ఉత్త కట్టు సరిపోదు, ఆపరేషన్ చేసి తీగలు వేయాలట.

"నువ్వేం చెప్పినవ్?" అని అడిగాను.

"ఏం చెప్త? ఖర్చంత మాదే అక్కా, నువ్వు పరేషాన్ గాకు అని చెప్పిన."

ఆయన ఇంకేమన్నా చెప్పి ఉంటే నాకు నచ్చేది కాదు. కానీ ఒకే రోజు రెండు ఆపరేషన్లు ఎక్కడి నుంచి కట్టాలో మా ఇద్దరికీ తెలియదు. ముందు అక్కది చేయించాలని అనుకున్నాం. దాని మీద చర్చే లేదు. పిల్ల ఆపరేషన్‌కు క్లినిక్ వాళ్ళు సగం కడితే మొదలుపెడతామన్నారు. ఆయన ఫ్యాక్టరీలో, నేను ఆఫీసులో జీతం అడ్వాన్సు అడిగాం.

క్లినిక్ బయట మెట్ల మీద కూర్చుని బీమా కంపెనీకి ఫోన్ చేశాను. ఒక అబ్బాయి ఎత్తాడు. కోస్తా వైపు మాట, చాలా మర్యాద.

"ప్రమాదం కాబట్టి కవర్ అవుతుంది మేడమ్. జబ్బు అయితే పాలసీ తీసుకున్న మొదట్లో కొన్నాళ్ళు ఇవ్వరు, ప్రమాదానికి ఆ నియమం లేదు. కాకపోతే ముందు మీరే కట్టాలి. తర్వాత బిల్లులు, ఎక్స్‌రే, డాక్టరు గారి రిపోర్టు పంపాలి. ప్రతి క్లెయిమ్‌లో కొంత భాగం మీరే భరించాలి. రేబిస్ టీకా తాజాగా వేయించారా?"

వేయించాను. ఆ టీకా గడువు దాటి ఉంటే మొత్తం క్లెయిమ్ మీద ప్రశ్నలు వచ్చేవని అతను తర్వాత చెప్పాడు. నేను అసలు ఎలా జరిగిందో చెబుతూ, మోపెడ్ మీద పాలామె పడిపోయిందని, ఆమెకూ ఆపరేషనే అని అన్నాను.

"మేడమ్, మీ పాలసీలో థర్డ్ పార్టీ కవర్ కూడా ఉంది. మీ కుక్క వల్ల వేరే మనిషికి దెబ్బ తగిలితే, ఆ వైద్య ఖర్చు కంపెనీ చూస్తుంది. అయితే ఆవిడ మీ మీద రాతపూర్వకంగా పరిహారం అడగాలి. మీ అంతట మీరు తప్పు ఒప్పుకోవడం గానీ, ఇస్తామని మాట ఇవ్వడం గానీ కంపెనీకి చెప్పకుండా చేయకూడదు."

"మా ఆయన అప్పుడే మాటిచ్చిండు," అన్నాను.

"ఇక మీదట ఇవ్వకండి. జరిగింది జరిగినట్టే రాసి పంపండి. ఏదీ దాచకండి, ఏదీ కలపకండి. పైవాళ్ళు చూసి నిర్ణయిస్తారు." ఫోన్ పెట్టబోతూ, "కుక్క ఎలా ఉంది మేడమ్?" అని అడిగాడు.

ఆ అడ్వాన్సులతో రెండు ఆపరేషన్లూ అయ్యాయి. అక్క ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక పళ్ళు తీసుకుని మామిడిపల్లి వెళ్ళాను. రేకుల కొట్టంలో నాలుగు బర్రెలు నిలబడి ఉన్నాయి. అక్క మంచం మీద కూర్చుని ఉంది, చేతికి కట్టు. ఆమె కోడలు డిగ్రీ చదివిన అమ్మాయి, బర్రెలకు గడ్డి వేస్తోంది. కొడుకు ఎయిర్‌పోర్ట్ దగ్గర క్యాబ్ నడుపుతాడు, ఇంట్లో లేడు. పాలు పిండడానికి కూలికి ఒకతన్ని పెట్టుకున్నారట. బర్రెలు కొత్త చేతికి సరిగ్గా పాలు ఇవ్వడం లేదని అక్క దిగులు.

నేను విషయం చెప్పాను. కంపెనీకి ఇలా ఒక కాగితం రాయాలి, మా కుక్క వల్ల దెబ్బ తగిలింది, ఖర్చు ఇప్పించమని.

"నీ మీద నేను కాగితం రాయాల్నా?" అంది అక్క. ముఖం చిన్నబోయింది.

"నా మీద అంటే... మా కుక్క చేసిన పనికి నేను జిమ్మేదారిని గద అక్కా. నువ్వు అడిగితేనే ఆళ్ళు ఇస్తరు."

"వద్దు చెల్లె. నాకు చేతగాదు. గీ ఊళ్ళె మా బావ ఒకప్పుడు మా ఆయన మీద ఠాణాల కాగితమిచ్చిండు. భూమి హద్దు గురించి. ఇగ చూడు, ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవ్, పెండ్లిల్లకు పిలుపుల్లేవ్. మా ఆయన పోయిన నాడు గూడ ఆళ్ళు వాకిట్లకు రాలే. కాగితం పడ్డదంటె మనిషి పోయినట్టే."

పాలసీ గురించి ఆ అబ్బాయి చెప్పిన మాటలన్నీ నా దగ్గర ఉన్నాయి గానీ, ఈ భయానికి వాటిలో జవాబు లేదు. నెత్తి మీద నుంచి విమానం పోతుంటే అందరం మాట ఆపి, అది పోయేదాకా కూర్చున్నాం.

చివరికి నేను నా మాటల్లోనే చెప్పాను. "అక్కా, నీకు నాకు పంచాయితీ లేదు. నేను ఏడాదికోపాలి కంపెనీకి పైసలు కడుతున్న. ఎందుకు కడుతున్న? గిసుంటి దినం కోసమే. ఇప్పుడు ఆళ్ళ వంతు. కానీ ఆళ్ళకు నీ మాట నీ నోట కావాలె."

అక్క కొట్టం వైపు చూసింది. "బర్రెకు బీమా ఉంటది. బర్రె సస్తె మాకే పైసలిస్తరు. ఎవల మీద ఎవలం రాయం. గిదేంది మరి, నీ కుక్క చేస్తె నాకిస్తరా?"

"అవునక్కా. ఒకటేమో కుక్కకొచ్చిన దెబ్బకు. గిది కుక్క ఇంకొకలకు చేసిన దెబ్బకు. రెండూ ఒక్క పాలసీలనే ఉన్నయి. నాకు గూడ మొన్ననే తెలిసింది."

అక్క కట్టు చేతిని ఒడిలో సర్దుకుని, "నీ మీద రాయ," అంది. "కుక్క మీదైతె రాస్త."

కోడలు నోట్‌బుక్కులోంచి ఒక పేజీ చించుకుని వచ్చింది. అక్క చెబుతుంటే రాసింది. తారీఖు, చోటు, బండి, పడ్డ తీరు. మధ్యలో అక్క ఆపి, "కుక్క చెడ్డది గాదు, పాల కోసం ఉరికొచ్చింది, గది గూడ రాయి," అంది. కోడలు నా వైపు చూసింది. రాయాలా అని. జరిగింది జరిగినట్టే రాయమన్నారు కాబట్టి రాయమన్నాను. సంతకం ఎడమ చేత్తో పెట్టలేక అక్క బొటనవేలి ముద్ర వేసింది. తను సంతకం నేర్చుకున్న మనిషినని, ఇది చెయ్యి వల్లేనని కోడలితో కింద రాయించింది.

తర్వాత కంపెనీ నుంచి ఒకతను వచ్చి మా గేటు, వీధి మలుపు ఫోటోలు తీసుకున్నాడు. గేటు ఎవరు తీశారని అడిగితే మా ఆయన "నేనే" అన్నాడు. ఆసుపత్రిలో మాటిచ్చిన సంగతి కూడా దాచలేదు. అది రాసుకుంటుంటే నాకు భయం వేసింది. దానివల్ల ఫైలు కొన్ని వారాలు ఆగింది కూడా. నేను ఫోన్ చేసినప్పుడల్లా వేరే వేరే గొంతులు ఎత్తేవి, మొదటి నుంచి చెప్పమనేవి. పిల్ల క్లెయిమ్ ముందు వచ్చింది. ఆపరేషన్, ప్లేటు, మందులు ఇచ్చారు. మా వాటా కోసేశారు. తర్వాత కాలికి చేయించిన మర్దన, ప్రత్యేకమైన తిండి వాళ్ళు లెక్కలోకి తీసుకోలేదు. అక్క ఆసుపత్రి ఖర్చు చాలా ఆలస్యంగా, మేం కట్టిన రసీదులు చూసుకుని మా ఖాతాలో వేశారు. పాల బేరం పోయినందుకు మాత్రం ఏమీ రాలేదు. ఆదాయానికి ఆధారం చూపమన్నారు. ఇంటింటికీ చెంబుతో కొలిచి పోసే పాలకు ఆధారం ఏముంటుంది?

దానికి మాత్రం మేం కంపెనీ కోసం చూడలేదు. అక్క కట్టు విప్పేదాకా పొద్దున్నే నేనే స్కూటీ మీద మామిడిపల్లి వెళ్ళి పాలు తెచ్చి మా వీధిలో పోశాను. మొదట్లో చెంబు కొలత కుదరక ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పోసేదాన్ని. మా ఎదురింటి పెద్దమ్మ "నువ్వు లెక్కల పనే చేస్తవా నిజంగ?" అని అడిగింది. నాకు డ్యూటీ ముందే ఉన్న రోజుల్లో మా ఆయన పోసేవాడు. ఆయన చేతిలో కొలత ఇంకా అన్యాయం. కానీ మా వీధిలో అక్క ఖాతా ఇళ్ళు ఒక్కటీ పోలేదు. కట్టు విప్పిన వారం తర్వాత ఆమె మళ్ళీ మోపెడ్ ఎక్కింది. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు ఇప్పటికీ. చలికాలం నొప్పి అంటుంది. పిల్ల కూడా పరిగెత్తేటప్పుడు ఆ కాలు కొంచెం ఎత్తి పెడుతుంది.

పిల్ల కాలిలోని ప్లేటు డాక్టరుకు చూపించడానికి ఆ మధ్య అత్తాపూర్ క్లినిక్‌కు వెళ్ళాను. నా పక్క కుర్చీలో ఒక అమ్మాయి, ఎయిర్‌పోర్ట్ కౌంటర్ యూనిఫాంలోనే వచ్చింది, ఒడిలో బుట్ట, బుట్టలో పిల్లి. మూత్రం ఆగిపోయిందట, క్లినిక్‌లోనే ఉంచి చూడాలన్నారట. చేతిలో ఖర్చు రాసిన కాగితం. ఆ కాగితం పట్టుకునే తీరు నాకు తెలుసు. బీమా ఉందా అని అడిగాను. అప్పటికే నా దగ్గర చెప్పడానికి చాలా మాటలు పోగయ్యాయి: ప్రమాదానికి వేరు, జబ్బుకు వేరు, ముందు ఎవరు కట్టాలి, టీకా పుస్తకం ఎక్కడుంది.

"ఇది నా దగ్గరికొచ్చేటప్పటికే ముసలిది ఆంటీ," అంది. "ఈ వయసులో కొత్తగా ఎవరూ తీసుకోరట. అడిగాను."

డాక్టరుతో మాట్లాడి చూడమన్నాను. మా దగ్గర ముందు సగమే తీసుకున్నాడని, అడిగితే తప్పు లేదని చెప్పాను. ఆమెకు అడగడం మొహమాటంగా ఉంది. బుట్ట నాకివ్వు, నువ్వు వెళ్ళి అడుగు అన్నాను. ఆమె లేచి లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకోలేదు. డాక్టరు కుర్చీ చూపించడం, ఆమె కూర్చోవడం కనబడింది. నేను బుట్ట ఒడిలో పెట్టుకుని, బుట్ట దగ్గరికి ముక్కు తెస్తున్న మా పిల్లను మోకాలితో పక్కకు ఒత్తుతూ కూర్చున్నాను.